కంప్యూటరుకు తగిన విద్యుత్తు

పాత కంప్యూటరును పూర్తిగా మార్చే స్తోమత లేనివారు దానిలోని కొన్ని భాగాలను మాత్రమే మార్చుకొంటారు. వేగవంతమైన ప్రాసెసరు, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేటప్పుడు చూపే శ్రద్ధ, వాటికి విద్యుత్తునందించే పెట్టె విషయంలో చాలామంది చూపరు. దుకాణాలలో దానిని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. ఇంటికి వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును అది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి ఒక్కొక్క భాగానికి అందిస్తుంది.

ఉదాహరణకు, గుడివాడలో ఒక విద్యార్థి, తండ్రికి ధాన్యం డబ్బు చేతికందిన తరువాత, తన కంప్యూటరుకు గ్రాఫిక్స్ కార్డు అమర్చదలచాడు. ప్రాసెసరుకు గరిష్ఠంగా 90 వాట్లు, కార్డుకు 130, మదర్ బోర్డు, మెమరీ, డిస్కు, ఫ్యాన్లు అన్నింటికీ సుమారు 50. మొత్తం 270 వాట్లు కావాలి. పాత పెట్టెపై 450 వాట్లని పెద్ద అక్షరాలతో ఉంది. ఇక లోటేమున్నదనిపిస్తుంది. కాని చూడవలసినది ఆ పెద్ద అక్షరాలను కాదు, వాటి కింద సన్నగా అచ్చయిన పట్టికను. అందులో 12 వోల్టుల వద్ద 18 ఆంపియర్లని ఉన్నది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది 216 వాట్లే! ప్రాసెసరు, కార్డు రెండింటికీ కలిపి కావలసిన 220 వాట్లు దాదాపుగా ఈ మార్గం నుండే రావాలి. పూర్వపు ప్రాసెసర్లు 5 వోల్టుల మార్గంపై ఎక్కువగా ఆధారపడేవి. 2000లో వచ్చిన పెంటియం 4 నాటి నుండి భారం 12 వోల్టుల వైపు మళ్లింది. చౌక పెట్టెలు కొన్ని నేటికీ అక్కరకురాని వాట్లను కూడా కలిపి చూపుతాయి.

తీరప్రాంతంలో దీనికి మరొక చిక్కు తోడవుతుంది. గాలివానకు కరెంటు పోవడం బందరు, దివిసీమ వాసులకు కొత్త కాదు. 2013 నవంబరు 22న హెలెన్ తుపాను మచిలీపట్నం సమీపంలోనే తీరం దాటింది. అందుకే కంప్యూటరుకు యు.పి.ఎస్. కూడా ఉంచుకొంటారు. కరెంటు పోగానే బ్యాటరీకి మారడానికి దానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ రెప్పపాటు కాలం కంప్యూటరును నిలిపేది ఎస్.ఎం.పి.ఎస్. లోని కెపాసిటర్లలో నిల్వ ఉన్న విద్యుచ్ఛక్తి మాత్రమే. శక్తికి మించిన భారం మోస్తున్న పెట్టె అంతసేపు నిలుపలేదు. కంప్యూటరు ఆగి మళ్లీ మొదలవుతుంది. రాత్రంతా కూర్చొని చేసిన పని పోతుంది. నింద మాత్రం యు.పి.ఎస్. మీద పడుతుంది.

యు.పి.ఎస్. లెక్క కూడా చూడక తప్పదు. 600 వి.ఏ. అని ఉన్న చిన్నవి సాధారణంగా 360 వాట్లకు మించి ఇవ్వవు. 85 శాతం సామర్థ్యం గల ఎస్.ఎం.పి.ఎస్. 270 వాట్లు అందించాలంటే తాను 318 వాట్లు తీసుకొంటుంది. మానిటరుకు మరో 25 కలిపితే హద్దు దగ్గరపడినట్లే.

కాబట్టి ఆ విద్యార్థికి తగినది 12 వోల్టుల వద్ద 30 ఆంపియర్లకు తగ్గకుండా ఇచ్చే 450 వాట్ల పెట్టె. 2004లో మొదలైన 80 ప్లస్ గుర్తు ఉంటే మరీ మంచిది. అయితే అది సామర్థ్యానికి గుర్తే గాని మన్నికకు హామీ కాదు. నాగాయలంక, కోడూరు వంటి చోట్ల ఉప్పుగాలిని ఫ్యాను లోపలికి లాగుతుంది. దుమ్ముతో కలిసిన ఉప్పు చెమ్మను పట్టి లోహాన్ని తినివేస్తుంది. అందువల్ల అక్కడ చాలా ఏళ్లు వాడిన పెట్టెను కొత్త కార్డుతో జతచేయడం ప్రమాదకరం. శుభ్రపరచడానికి దానిని ఇంట్లో విప్పరాదు; ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉండవచ్చు.