ప్రపంచ సామర్థ్య మదింపు: ప్రశ్నావళి పరిమితి

ప్రపంచ సామర్థ్యాన్ని ‘పీసా’ తొలిసారిగా 2018లో కొలిచింది. పదిహేనేళ్ల విద్యార్థులకు పరీక్ష 27 దేశాలు, ప్రాంతాల్లో జరిగింది. ప్రశ్నావళిని 66 చోట్ల నింపారు. సమాచారాన్ని పరిశీలించడం, ఇతరుల దృక్కోణాన్ని గ్రహించడం వంటివి పరీక్షకు అందుతాయి. వైఖరుల సంగతి ప్రశ్నావళికి వదిలారు. చిక్కంతా అక్కడే. ఇతర సంస్కృతుల వారిని సమానులుగా గౌరవిస్తారా అని అడిగితే ‘లేదు’ అని గుర్తు పెట్టేవారెందరు? మెచ్చుకోలు తెచ్చే జవాబేదో పిల్లలకు బాగా తెలుసు. (పెద్దలకు ఇంకా బాగా!) కొన్ని దేశాల్లో ఉపాధ్యాయులనూ, బహుళ సంస్కృతుల తరగతిలో బోధించగలరా అని వారినే అడిగారు. నా ఉద్దేశంలో ఉపాధ్యాయుని మదింపుకు తరగతి పరిశీలన తప్పనిసరి. ఇటుక బట్టీకి వలస వచ్చిన ఒడియా కుటుంబపు పిల్లవాడు తడబడే తెలుగులో జవాబిస్తే, తరగతి నవ్వితే, ఆ ఉపాధ్యాయుడు ఏం చేస్తాడో చూసి నమోదు చేయాలి.