ఆట ఎవరిది? ఆస్ట్రేలియా ఆదివాసుల నాట్యచరిత్ర

నాట్యచరిత్రను వ్రాసేవారు సాధారణంగా గ్రంథాలనూ శిల్పాలనూ ఆశ్రయిస్తారు. తెలుగుదేశంలో జాయపసేనాని నృత్తరత్నావళి, రామప్ప గుడి మదనికలు అటువంటి ఆధారాలు. ఆస్ట్రేలియా ఆదివాసులది వేరొక మార్గం. 50,000 ఏళ్ళకు పైగా ఆ ఖండంలో నివసిస్తున్న వీరు తమ చరిత్రనూ, ధర్మాన్నీ, భూమి ఎల్లలనూ పాటలోనూ ఆటలోనూ చిత్రాలలోనూ భద్రపరచుకొన్నారు.

ఈ సమాజాలలో నాట్యానికి హక్కుదారులుంటారు. ఒక నీటిమడుగుకో, కొండకో సంబంధించిన పూర్వీకుల కథను ఆడే అధికారం ఆ స్థలానికి చెందిన వంశాలదే. కొన్ని ఆటలను అందరూ చూడవచ్చు. కొన్ని పురుషులకే, మరికొన్ని స్త్రీలకే పరిమితం. ఆ విధంగా ఆట ఒక దస్తావేజు కూడా. ఉత్తర ప్రాంతానికి 1976లో వచ్చిన భూహక్కుల చట్టం కింద జరిగిన విచారణలలో ఆదివాసి స్త్రీలు తమ ఆటపాటలనే సాక్ష్యంగా ప్రదర్శించిన సందర్భాలున్నాయి.

వలస వచ్చిన ఆంగ్లేయులకు ఈ భేదాలు పట్టలేదు. సిడ్నీ ప్రాంతపు భాషలోని ఒక మాటను తీసుకొని, ఖండమంతటా తాము చూసిన నాట్యాలన్నింటినీ ‘కొరొబొరీ’ అన్నారు. మరోవైపు మతప్రచారకుల ఒత్తిడితో అనేకచోట్ల తంతులు ఆగిపోయాయి. కేంబ్రిడ్జి పండితుడు హాడన్ 1898లో టోరెస్ జలసంధిలోని మెర్ దీవిలో నాట్యాలను చలనచిత్రంగా తీసేనాటికి అక్కడి పాత ముసుగులు లేవు. దీవివాసులు అట్టతో చేసిన ముసుగులు ధరించి ఆడవలసి వచ్చింది.

తరువాతి ఘట్టం నగరపు రంగస్థలం మీద జరిగింది. సంగీతకర్త జాన్ ఆంటిల్ బాల్యంలో సిడ్నీ సమీపాన లా పెరూజ్‌లో ఆదివాసుల ఆట చూశారు. ఆ స్మృతితో రచించిన ‘కొరొబొరీ’ అనే వాద్యబృంద సంగీతం 1946లో యూజీన్ గూసెన్స్ నిర్వహణలో తొలిసారి వినిపించింది. 1950లో రెక్స్ రీడ్ దానికి బ్యాలే రూపమిచ్చారు. 1954లో ఎలిజబెత్ రాణి పర్యటన సందర్భంగా, అమెరికాలో జన్మించిన నర్తకి బెత్ డీన్ దానిని కొత్తగా కూర్చారు. డీన్ మధ్య ఆస్ట్రేలియాలో తిరిగి ఆటలను శ్రద్ధగా పరిశీలించినవారే. అయినా వేదికపై ఆడినది శ్వేతజాతి కళాకారులు. దీక్ష పొందే బాలుని పాత్రను డీన్ స్వయంగా పోషించారు. సంప్రదాయంలో అది స్త్రీలకు ప్రవేశం లేని దీక్ష. ఆట రాజసభకు చేరింది గాని, ఆటగాళ్ళు చేరలేదు. దేశ జనాభా లెక్కలో ఆదివాసులను చేర్చుకోవడానికి అడ్డుగా ఉన్న రాజ్యాంగ నిబంధన సైతం 1967 ప్రజాభిప్రాయ సేకరణతో గాని తొలగలేదు.

మార్పుకు 1970 దశకం నాంది పలికింది. 1972లో ఎలియో పొమారే బృందంతో వచ్చిన ఆఫ్రికన్ అమెరికన్ నర్తకి కేరల్ జాన్సన్ సిడ్నీలో ఆదివాసి యువతకు శిక్షణ ప్రారంభించారు. ఆ కృషి 1975లో ఒక శిక్షణ పథకంగా రూపొంది, క్రమంగా నైస్డా కళాశాలగా ఎదిగింది. ఆధునిక నృత్యంతోపాటు, ఆయా సమాజాల పెద్దలు తమ ఆటలను నేర్పడం అక్కడి విశేషం. 1989లో ‘బంగారా’ నృత్యసంస్థ వెలసింది. విరాజురి భాషలో ఆ మాటకు నిప్పు రాజేయడమని అర్థం. 1991 నుండి మూడు దశాబ్దాలు దానికి సారథ్యం వహించిన స్టీఫెన్ పేజ్, ఆర్నెమ్ లాండ్‌కు చెందిన జాకపుర్రా మున్యర్రిన్ వంటి సంప్రదాయవేత్తలను గురువులుగా, సహనర్తకులుగా నిలుపుకొన్నారు. ఒక కథను వేదికకెక్కించే ముందు దాని హక్కుదారుల అనుమతి పొందడం ఆ సంస్థ పద్ధతి.

తెలుగువారికి ఈ చరిత్ర పూర్తిగా పరాయిది కాదు. 1947 నాటి మద్రాసు చట్టం దేవదాసీ వ్యవస్థను నిషేధించింది. ఒక అన్యాయం ఆగింది; కాని దానితోపాటు కళావంతుల ఆటకు నీడ కరవైంది. వృద్ధ కళావంతుల దగ్గర మిగిలిన విద్యను నటరాజ రామకృష్ణ సేకరించి ‘ఆంధ్రనాట్యం’ పేరిట నిలబెట్టారు. నాట్యం బ్రతికింది. అయితే ఆస్ట్రేలియా అనుభవం మరొక ప్రశ్నను కూడా ముందుంచుతుంది: రక్షించబడిన నాట్యాన్ని నేడు ఆడుతున్నవారిలో, దానిని తరతరాలుగా మోసినవారి సంతతి ఎందరు? నాట్యచరిత్ర అడుగుల చరిత్రతో ముగిసిపోదు. ఆ అడుగులు వేసిన మనుషుల చరిత్ర కూడా అందులో చేరినప్పుడే అది సమగ్రమవుతుంది.