బొమ్మ జుట్టు, బొమ్మ చీర

పిల్లలూ! మొన్న వేసవి సెలవుల్లో మా ఇంటి అరుగు మీద బొమ్మల పెళ్ళి తలపెట్టారు. మామిడాకుల తోరణం కట్టారు. అటుకులూ బెల్లమూ విందుకు సిద్ధమయ్యాయి. పెళ్ళికొడుకు సంగతి ముందే తేలిపోయింది. పెళ్ళికూతురు దగ్గరే పేచీ వచ్చింది. నాలుగిళ్ళ పిల్లలు నాలుగు బొమ్మలు తెచ్చి, "మా బొమ్మే పెళ్ళికూతురు" అంటే "మా బొమ్మే" అని కేకలు వేసుకుంటున్నారు. మా మనుమరాలు మాత్రం తన బొమ్మను వీపు వెనక దాచుకుని, మాట్లాడకుండా నుంచుంది.

బడిలో ముప్ఫయి ఏళ్ళకు పైగా పిల్లల తగవులు తీర్చినవాణ్ణి గదా! అందుచేత నన్ను పిలిచారు. "రెండే సంగతులు చూద్దాం. బొమ్మకు జుట్టు ఎలా పెట్టారు? బట్టలు మార్చటానికి వీలుందా? ఆ తరవాత తీర్పు చెబుతాను," అన్నాను.

మొదటిది కొండపల్లి బొమ్మ. విజయవాడ దగ్గరి కొండపల్లిలో తెల్లపొణికి అనే తేలిక చెక్కతో వీటిని చేస్తారు. చేతులూ కాళ్ళూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. ఈ బొమ్మ జుట్టు నల్లరంగు, చీర ఎర్రరంగు; అంతా కుంచె పనే. జుట్టు చిక్కుపడదు, చీర చిరగదు. కాని జడ వెయ్యటానికి లేదు, చీర మార్చటానికీ లేదు. బొమ్మల కొలువులో పెట్టుకుని చూసుకోవటానికి ఇది ఎంతో బాగుంటుంది.

రెండోది పింగాణీ తల బొమ్మ. ఇలాంటి బొమ్మలు 19వ శతాబ్దంలో జర్మనీలోనూ ఫ్రాన్సులోనూ విరివిగా తయారయ్యేవి. కొన్నిటికి జుట్టు రంగుతోనే వేసేవారు. ఖరీదైన వాటికి అంగోరా మేక వెంట్రుకలతో గాని, మనిషి వెంట్రుకలతో గాని టోపీలాగా కట్టి, తలకు జిగురుతో అంటించేవారు. ఆ జుట్టును దువ్వవచ్చు. జిగురు వదిలిందా, జుట్టంతా ఒక్కసారే చేతికి వస్తుంది! బట్టలు మార్చవచ్చు గాని, చేయి జారితే తల పగులుతుంది.

మూడోది గుడ్డబొమ్మ. దాన్ని తెచ్చిన పిల్లకు వాళ్ళ అమ్మమ్మ కుట్టి ఇచ్చింది. పాత చీర పేలికలు, లోపల దూది, తలమీద నల్ల ఊలుదారం. ఊలు మాసిపోయి ఉండటంతో మిగతా పిల్లలు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఆ పిల్ల మాత్రం, "మాసిపోతే ఊడదీసి మళ్ళీ కుడతాను, తాతయ్యా. ఇప్పటికి రెండుసార్లు కుట్టాను," అంది.

ఇక నాలుగోది మా మనుమరాలి బొమ్మ, ప్లాస్టిక్ బొమ్మ. ఈ రకం బొమ్మల్లో పేరుపడ్డది బార్బీ. అమెరికాలో రూత్ హ్యాండ్లర్ అనే ఆవిడ, తన కూతురు కాగితం బొమ్మలకు కాగితం బట్టలు మార్చి ఆడుకోవటం చూసి, నిజం బట్టలు మార్చగల పెద్దమనిషి బొమ్మ ఉంటే బాగుంటుందనుకుంది. 1959 మార్చిలో న్యూయార్కు బొమ్మల ప్రదర్శనలో ఆ బొమ్మను బయట పెట్టారు. ఎత్తు 11న్నర అంగుళాలు. గౌన్లు, చెప్పులు, చేతిసంచులు విడిగా అమ్మేవారు. అంతకు ముందే, 1949లో, నైలాన్ జుట్టుతో టోనీ అనే బొమ్మ వచ్చింది. దాని జుట్టును పంచదార నీళ్ళతో తడిపి చుట్టలు చుడితే ఉంగరాలు తిరిగేది!

ఈ ప్లాస్టిక్ బొమ్మల తల మెత్తగా ఉంటుంది. యంత్రపు సూదితో జుట్టును కుచ్చులు కుచ్చులుగా తలలోకి గుచ్చుతారు, నారు నాటినట్టు. అందుకే దువ్వినా సులభంగా ఊడదు. కుచ్చులు ఒత్తుగా నాటితే మంచి బొమ్మ. ఎడంగా నాటితే, జుట్టు పైకెత్తగానే బట్టతల కనిపిస్తుంది.

"ఏదీ, నీ బొమ్మను చూపించు," అన్నాను. మా మనుమరాలు కళ్ళనీళ్ళు పెట్టుకుని బొమ్మను నా చేతిలో పెట్టింది. ఒక పక్క జుట్టు భుజం దాకా ఉంది. రెండో పక్క కత్తెరతో చెవి దాకా కత్తిరించేసి ఉంది. తలంతా జిడ్డుగా ఉంది.

"పెరుగుతుందనుకున్నాను, తాతయ్యా. పదిహేను రోజులనుంచి కొబ్బరినూనె రాస్తున్నాను. రోజూ స్కేలు పెట్టి కొలుస్తున్నాను. కొంచెం కూడా పెరగలేదు," అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక సంగతి ఊహించి, నూనె రాసి, రోజూ కొలిచి చూసిన పిల్లను చూసి నవ్వటం ఎందుకు? శాస్త్రజ్ఞులు చేసే పని కూడా అదే గదా!

మన వెంట్రుక ఎలా పెరుగుతుందో తెలుసునా? చర్మం లోపల దానికి వేరు ఉంటుంది. ఆ వేరుకు ప్రాణం ఉంది. నెత్తురు దానికి ఆహారం అందిస్తుంది. అక్కడ కొత్త కణాలు పుట్టి, పాతవాటిని పైకి నెడతాయి. అలా నెలకు సుమారు 1 సెంటీమీటరు చొప్పున వెంట్రుక పొడుగవుతుంది. బయటికి వచ్చిన భాగానికి ప్రాణం లేదు. కనుకనే క్షౌరం చేయించుకున్నప్పుడు మనకు నొప్పి పుట్టదు. బొమ్మ జుట్టుకు వేరే లేదు. పెరగటానికి దారి లేదు. పైగా నూనె ప్లాస్టిక్‌లోకి ఇంకదు; పైనే ఉండి దుమ్ము పట్టిస్తుంది.

ముందు జిడ్డు వదిలించాం. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం సబ్బు కలిపి, జుట్టు కడిగి, నీడలో ఆరబెట్టాం. చిక్కు తీసేటప్పుడు దువ్వెన పైనుంచి లాగకూడదు. కొసలనుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. జుట్టు పొడిగా ఉంటే విద్యుత్తు పుట్టి దువ్వెనకు అంటుకుంటుంది. కాస్త తడి చేస్తే ఆ బాధ ఉండదు. ఇస్త్రీపెట్టె మాత్రం దగ్గరికి రానివ్వకండి. ప్లాస్టిక్ జుట్టు కరిగి ముద్దయిపోతుంది.

జుట్టు ఆరేలోపల చీర సంగతి చూశాం. ఈ బొమ్మ ఎత్తు మనిషి ఎత్తులో దాదాపు 6వ వంతు. మామూలు చీర పొడుగు 6 గజాలు, పన్నా 45 అంగుళాలు. అయితే బొమ్మ చీర ఎంత? లెక్క మీరే వెయ్యండి. పొడుగు 1 గజం, పన్నా 7న్నర అంగుళాలు. సరిగ్గా అంతే కత్తిరించి కట్టాం. తీరా చూస్తే పెళ్ళికూతురు దుప్పటి చుట్టుకున్నట్టు ఉబ్బిపోయింది! ఎందుకని? పొడుగూ పన్నా 6 వంతులు తగ్గించాం గాని, గుడ్డ మందం తగ్గలేదు. బొమ్మకు అది 6 రెట్లు మందమైన చీర అన్నమాట. అందుకని తాతయ్య పాత మల్లుపంచె తెచ్చి, రెండు కుచ్చిళ్ళు మాత్రమే పెట్టాం. అప్పుడు చీర ఒంటికి అమిరింది.

మరి తెగిన జుట్టుకు ఏం చెయ్యాలి? గుడ్డబొమ్మ పిల్ల ఇంటికి పరుగెత్తి వెళ్ళి నల్ల ఊలుదారం పట్టుకొచ్చింది. "పెళ్ళిలో మా అక్కకు సవరం పెట్టి జడ వేశారు. దీనికీ పెడదాం," అంది. మూడు పాయలు అల్లి, మిగిలిన జుట్టుకు కలిపి కట్టింది. దానిమీద మల్లెమొగ్గలు గుచ్చారు. సవరంతో జడ నడుము దాకా వచ్చింది!

నేను తీర్పు చెప్పవలసిన అవసరమే లేకపోయింది. సవరం జడ బొమ్మే పెళ్ళికూతురని అందరూ ఒప్పుకున్నారు. కొండపల్లి బొమ్మా, పింగాణీ బొమ్మా పీట పక్కన పెళ్ళిపెద్దలుగా కూర్చున్నాయి. వచ్చే వారం గుడ్డబొమ్మ పెళ్ళి అని మా మనుమరాలు మాట ఇచ్చింది. అప్పుడు పెళ్ళికూతురికి చీర కుట్టే పని తనదేనట.

తల్లిదండ్రులకు ఒక మాట. బొమ్మ కొనేటప్పుడు జుట్టు ఎత్తి చూడండి. బట్టలు వీపు వైపు పూర్తిగా తెరుచుకునేవైతే పిల్లలే తొడగగలుగుతారు. ముదురురంగు బట్టలను ముందు ఒకసారి ఉతకండి, లేకపోతే ఆ రంగు బొమ్మ ఒంటికి అంటుకోవచ్చు. మూడేళ్ళ లోపు పిల్లలకు చిన్నచిన్న చెప్పులూ గుండీలూ ఉన్న బొమ్మలు ఇవ్వకండి. నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. వారికి గుడ్డబొమ్మే మేలు, దాని కళ్ళను దారంతోనే కుట్టండి.

పిల్లలూ, మీ ఇంట్లో పాత ఊలుదారం ఉంటే పారెయ్యకండి. ఎవరి బొమ్మకు ఎప్పుడు సవరం కావలసివస్తుందో ఎవరికి తెలుసు!