నర్సమ్మ వాడలోకి ఎప్పుడొచ్చింది?

వాడలో ఒక గర్భిణి దగ్గరున్న తల్లీబిడ్డల కార్డు అడిగి చూద్దాం. బరువు, బీపీ, హిమోగ్లోబిన్, మూత్ర పరీక్ష, టీకా, ఐరన్ మాత్రలు: ప్రతి గడిలో వివరం, దాని పక్కన తేదీ ఉండాలి. అలాంటి కార్డులు నాలుగైదు పక్కపక్కన పెట్టి చూద్దాం. అందరికీ అదే బీపీ, అదే పెన్ను, అదే రోజు అని ఉంటే అనుమానించాల్సిందే. గడులు నిండాయి గానీ ఆ చేతులకు బీపీ పట్టీ కట్టలేదేమో!

పల్లె వైద్యం గురించి మాట్లాడేటప్పుడు మనం డాక్టర్లు లేరు, మందులు లేవు అన్న దగ్గరే ఆగిపోతాం. నిజానికి రోగిని మొదట తాకాల్సింది డాక్టర్ కాదు, నర్సు. కులం కాపు కాసేది సరిగ్గా ఆ తాకడం దగ్గరే. అందుకే ఏ నర్సు ఎక్కడ ఏం చేయాలో మనకు తెలిసి ఉండాలి. తెలియకపోతే రావాల్సిన మనిషి రాలేదన్న సంగతే మనకు తెలియదు.

ఊళ్లో అందరినీ నర్సమ్మ అనే పిలుస్తాం. ఆశా వర్కర్ మాత్రం నర్సు కాదు. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద, సుమారు వెయ్యి జనాభాకు ఒకరు చొప్పున అదే ఊరి నుంచి ఎంపిక చేసిన కార్యకర్త ఆమె. ఆమెకు ఇచ్చేది జీతం కాదు, పారితోషికం. ఏఎన్ఎం శిక్షణ పొందిన నర్సు. మైదాన ప్రాంతంలో 5 వేల మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3 వేల మందికి ఒక ఉపకేంద్రం ఉండాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న లెక్క. ఏఎన్ఎం అక్కడే పనిచేస్తుంది. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాలను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలయ్యాక ఇంకో పోస్టు వచ్చింది. కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అంటారు, మన దగ్గర ఎంఎల్‌హెచ్‌పీ అని వాడుక. ఈ పోస్టుల్లో ఎక్కువమంది బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లే. ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ చూడటం, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ లక్షణాలను ముందే పట్టుకోవడం, ఫోన్ తెర మీద డాక్టర్‌తో మాట్లాడించి మందులివ్వడం ఈమె బాధ్యతలు.

ఇవన్నీ ఉపకేంద్రం గదిలో కూర్చుంటే అయ్యే పనులు కావు. సగం పని ఇళ్ల దగ్గరే ఉంటుంది. ఆస్పత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన బిడ్డను ఆశా వర్కర్ 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వచ్చి చూడాలి. బిడ్డను తూకం వేయాలి, ఒళ్లు కాలుతోందో చల్లబడిందో చూడాలి, బొడ్డు దగ్గర చీము పట్టిందేమో గమనించాలి. తేడా కనిపిస్తే ఏఎన్ఎంకు చెప్పాలి, ఆస్పత్రికి పంపాలి. పుట్టిన మొదటి నెల బిడ్డకు గండం లాంటిది. అందుకే ఇన్నిసార్లు రమ్మన్నారు. వాడ దాకా రాకుండా అంగన్‌వాడీ దగ్గరే నిలబడి "బిడ్డ బాగున్నాడా" అని కేక వేసి, ఆ మాటనే రిజిస్టర్‌లో ఎక్కిస్తే, బొడ్డులో చీమును ఎవరు చూస్తారు?

ఇదేమీ మన అనుమానం కాదు. ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థొరాట్, సతీష్ దేశ్‌పాండే, అమితా బావిస్కర్ కలిసి 2006లో వెలువరించిన గ్రామీణ భారత అంటరానితనం అధ్యయనం 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలను చూసింది. ఆ గ్రామాల్లో దాదాపు మూడో వంతు చోట్ల ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకు రావడం లేదని తేల్చింది. లెక్క పాతదే. ఇప్పుడు మన ఊళ్లో ఎలా ఉందో కార్డులు చూస్తే మనకే తెలుస్తుంది.

ఇదే పనిలో ఉన్న మన మనుషుల సంగతీ చెప్పుకోవాలి. ఒకప్పుడు కాన్పు చేసింది మంత్రసానులు. చాలాచోట్ల వాళ్లు మాదిగ, మంగలి, చాకలి ఇళ్ల ఆడవాళ్లు. బొడ్డు కోయడం, మాయ పాతిపెట్టడం మైల పనులు గనుక వాళ్లకు వదిలేశారు. వాళ్ల విద్యను మాత్రం విద్య అనలేదు. తర్వాత మిషన్ ఆస్పత్రులు వచ్చి నర్సింగ్ నేర్పాయి. రోగి మలమూత్రాలు ముట్టుకునే పని అని అగ్రకులాలు మొహం తిప్పుకున్న రోజుల్లో దళిత క్రైస్తవ ఆడపిల్లలు ఆ చదువులోకి వెళ్లారు. తెల్ల యూనిఫాం గౌరవాన్ని తెచ్చింది, కులాన్ని మాత్రం తీసేయలేదు. ఇవాళ దళిత ఏఎన్ఎం టీకా వేయడానికి పెద్దిళ్లకు వెళితే బిడ్డను అరుగు మీదికే తెచ్చే ఇళ్లున్నాయి, మంచినీళ్లకు వేరే గ్లాసు తీసే ఇళ్లున్నాయి. అంటే కులం అటు నర్సును వాడలోకి రానివ్వదు, ఇటు వాడ నర్సును ఇంట్లోకి రానివ్వదు.

పీహెచ్‌సీకి వెళితే పని తీరు మారుతుంది. 30 వేల జనాభాకు ఒకటి, గిరిజన ప్రాంతాల్లో 20 వేలకు ఒకటి ఉండాలి. ఇక్కడ స్టాఫ్ నర్సులది కాన్పు గది, ఇంజెక్షన్లు, సెలైన్లు. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులను డాక్టర్ చూసే ఏర్పాటు ఉంది. హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితే అది తీవ్రమైన రక్తహీనత, మాత్రలిచ్చి పంపేస్తే సరిపోదు, పెద్దాస్పత్రికి పంపాల్సిందే. పంపిందా లేదా, ఏ తేదీన పంపింది అన్నది కార్డులో ఉండాలి. పొలం పనికి పోయే ఆడమనిషికి 9వ తేదీ అంటే ఒక రోజు కూలి పోవడం. ఆ సంగతి తెలిసిన నర్సు ముందు రోజే కబురు పంపుతుంది. తెలియని నర్సు మాత్రం "వీళ్లకు శ్రద్ధ లేదు" అంటుంది. ఆ మాట మనం ఎన్నిసార్లు వినలేదు!

హాస్టళ్ల దగ్గర మనం ఇంకా గట్టిగా అడగాలి. బడి పిల్లలను ఏడాదికి కనీసం ఒకసారి, అంగన్‌వాడీ పిల్లలను రెండుసార్లు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం చూడాలి. ఆ బృందంలో డాక్టర్లతో పాటు ఏఎన్ఎం లేదా స్టాఫ్ నర్సు ఉంటారు. గజ్జి, రక్తహీనత, కంటిచూపు, నెలసరి ఇబ్బందులు ఏడాదికి ఒక్కరోజు వచ్చి పోయేవి కావు గదా. సంక్షేమ హాస్టల్‌లో జ్వరం వచ్చిన పిల్లను రాత్రిపూట ఎవరు చూస్తారు అన్న ప్రశ్నకు వార్డెన్ అనేది సరైన జవాబు కాదు.

పట్టణాల్లో 50 వేల మందికి ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం, హైదరాబాద్‌లోనైతే 2018 నుంచి బస్తీ దవాఖానాలు కూడా ఉన్నాయి. పారిశుధ్య కార్మికులు తెల్లారకముందే పనికి దిగి మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. ఏఎన్ఎం బస్తీకి వచ్చే వేళకు ఇంట్లో ఎవరూ ఉండరు. దగ్గు తగ్గని వాళ్ల కళ్లె పరీక్షకు పంపాలంటే ఆమె రాక వాళ్ల షిఫ్టును బట్టి ఉండాలి. ఇక మంచాన పడ్డ క్యాన్సర్ రోగుల కోసం తెలంగాణలో 'ఆలన' పేరుతో ఇంటికొచ్చే వాహనం నడుస్తోంది. పుండు కడగడం, నొప్పి తగ్గే మందివ్వడం అందులోని నర్సు పని.

చట్టం ఎంతవరకు వస్తుందో కూడా తెలుసుకుందాం. ఆస్పత్రిలోకి, పీహెచ్‌సీలోకి ఎస్సీ, ఎస్టీలను రానివ్వకపోవడం అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) కింద నేరం. 2015 సవరణతో ఇది చేరింది. లోపలికి రానిచ్చి అంటరానితనం పాటిస్తే 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం సెక్షన్ 5 ఉంది. కానీ నర్సు ఇంటికి రాకపోవడం గురించి ఈ సెక్షన్లు విడిగా చెప్పవు. అక్కడ విధి నిర్లక్ష్యం కింద పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కు, తర్వాత డీఎంహెచ్‌వోకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఏఎన్ఎం ఏ రోజు ఏ ఊరికి వెళ్లాలో చెప్పే పర్యటన షెడ్యూల్‌ను సమాచార హక్కు కింద అడగొచ్చు. ఆ తేదీలను వాడలోని కార్డులతో పోల్చి, ఫిర్యాదుకు జత చేయాలి. కార్డుల్లో ఆడవాళ్ల సొంత వివరాలుంటాయి కాబట్టి వాళ్లు ఒప్పుకుంటేనే, పేర్లు కనపడకుండా వాడాలి.

అరుగు మీద నిలబెట్టిన ఆ దళిత ఏఎన్ఎం క్రైస్తవురాలైతే మాత్రం అట్రాసిటీ చట్టం దగ్గర ఇంకో గోడ అడ్డొస్తుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆమె ఎస్సీ కాదు, మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ. వేరే గ్లాసులో నీళ్లిచ్చిన ఇంటికి ఆమె కులం తెలుసు. ఆమె అట్రాసిటీ కేసు పెట్టబోతే మాత్రం ముందు కులం సర్టిఫికెట్ అడుగుతారు.