బడిపంతులు - ప్రైవేటు చదువు

గోదావరి పడమటి డెల్టాలో భూమి గలవారికి నీటిపాలన యెట్టిదో మేము చెప్పనక్కఱలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు అత్తిలి ప్రాంతపు సేద్యమునకు కాలువయే ప్రాణము. తూము కాచెడి లస్కరు పగలెల్ల నీటిని బిగబట్టి, రాత్రి ఎకరమున కింతయని పుచ్చుకొని వదలినచో ఊరు సహించునా? జీతము తీసికొనుచున్నది ఆ నీరు వదలుటకే గదా యని మఱునాడే నిలదీయును. అదే పని బడిలో జరిగినపుడు మాత్రము మనము కిక్కురుమనక సొమ్ము చెల్లించి, పైపెచ్చు మావాని ప్రైవేటు ఫలానా మాస్టారివద్ద నని గొప్పగా చెప్పుకొనుచున్నాము.

మేము తలపెట్టినది ఉపాధ్యాయుడు తన తరగతి పిల్లలకే బడి వెలుపల రుసుము పుచ్చుకొని పాఠము చెప్పుటను గూర్చి. ఏ యూరినో, ఏ పంతులునో వేలెత్తి చూపుట మా యుద్దేశము కాదు.

విద్యాహక్కు చట్టము 2009లో పుట్టి 2010 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చినది. ఏ ఉపాధ్యాయుడును ప్రైవేటు చెప్పరాదని అందలి 28వ సెక్షను ఒక్క వాక్యములో శాసించినది. 24వ సెక్షను అంతకంటె ముఖ్యమైనది. దానిని చదివినవారు అరుదు. వేళకు బడికి వచ్చుట, పాఠ్యక్రమమును గడువులో ముగించుట, ప్రతి బిడ్డయొక్క గ్రహణశక్తిని కనిపెట్టి అవసరమైన వానికి అదనముగా బోధించుట, తలిదండ్రులతో మాటలాడుట ఇవి యన్నియు ఉపాధ్యాయుని విధులని అది చెప్పుచున్నది. అనగా వెనుకబడిన బిడ్డకు చెప్పు అదనపు పాఠము సాయంకాలము విక్రయించు సరకు కాదు. అది జీతములోనే చేరియున్నది. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2010లో వెలువరించిన నీతినియమావళియు, తన విద్యార్థులకే ప్రైవేటు చెప్పి సొమ్ము పుచ్చుకొనరాదనియే పలికినది.

కష్టపడి చెప్పి పుచ్చుకొనుట దొంగతనమా యని అడుగువారు కలరు. కష్టమును మేము కాదనము. చిక్కు వేఱొకచోట నున్నది. తరగతిలో పాఠము సుబోధముగా సాగినకొలది సాయంకాలపు గిరాకి తగ్గును. ఎంతటి సజ్జనుడైనను ఈ రెంటి నడుమ త్రాసును ఎంతకాలము సమముగా పట్టగలడు? తరగతి పరీక్షలో మార్కులు వేయు చేయియు, నెల తిరుగగనే రుసుము నందుకొను చేయియు ఒక్కటియే. వెనుక బల్లమీది కౌలురైతు బిడ్డ కాలువ చివరి చేను వలె ఎండిపోవును. లెక్క తెలియలేదని లేచి అడుగుటకే వానికి నోరు రాదు; ధైర్యము చేసి అడిగినను, సాయంకాలము రమ్మనినచో పోవుటకు వానియొద్ద సొమ్ము లేదు.

చాలీచాలని జీతముతో ప్రైవేటు బడిలో పనిచేయుచు నాలుగు రూకలకై ట్యూషను చెప్పుకొను యువకునిపై మాకు కోపము రాదు. అతని విషయమున తప్పు అతనిని అట్లుంచిన యజమానిది. ప్రభుత్వపు జీతము నందుకొనువారి మాట వేఱు.

ఐనను వారికిని ఒక ఫిర్యాదు కలదు, అది న్యాయమైనదే. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తుల సహాయము తప్ప అన్య కార్యములకు ఉపాధ్యాయులను వాడరాదని అదే చట్టము 27వ సెక్షనులో చెప్పగా, 2020 మే నెలలో విశాఖపట్టణము జిల్లాలో మద్యపు దుకాణములయెదుట వరుసలు సరిచూచుటకు పంతుళ్లను నిలిపిరి. గురువును అట్లు చూచిన సర్కారు గురుధర్మమును బోధింపబూనుట వింతయే. ఫలితముల కొఱకు పైనుండి వచ్చు ఒత్తిడియు తక్కువది కాదు. 2022లో పదవ తరగతి ప్రశ్నపత్రములను సెల్లుఫోనులతో తీసి బయటికి పంపినారను అభియోగముపై పలువురు ఉపాధ్యాయులు అరెస్టయిరి. ఆ యేడు ఉత్తీర్ణులైనవారు నూటికి 67 మంది.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులు సవరల భాష నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, స్వంత వ్యయముతో వారికి బడి పెట్టెను. మన్యపు జ్వరమునకు మ్రింగిన క్వినైనువలన ఆయనకు చెవుడు వచ్చినది. ఆ పుస్తకములకై చెన్నపట్టణపు ప్రభుత్వము సొమ్మీయబోగా తాను పుచ్చుకొనక, దానిని సవరల బడికే వినియోగింపుడనెను. (గ్రాంథికముపై పోరాడిన ఆ మహనీయుని గ్రాంథికముననే కొనియాడుచున్నందుకు ఆయన నవ్వుకొనునేమో!) అందఱును గిడుగువారు కావలెనని మేమనుట లేదు. జీతమునకు తగిన పాఠము చాలును.

ఇక మన వంతు. సుబ్రహ్మణ్య షష్ఠి యుత్సవమునకు చందా యిచ్చుటలో అత్తిలివారు వెనుదీయరు. లెక్క యడుగుటలోను వెనుదీయరు. ప్రభుత్వపు బడికి యాజమాన్య సంఘ మొకటి యున్నది. 21వ సెక్షను ప్రకారము అందు నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే. సభ్యులలో సగము మంది స్త్రీలు. తన బిడ్డలను పట్టణపు బడిబస్సు ఎక్కించిన ఆసామికి ఆ సంఘములో తలిదండ్రుల వంతున చోటు లేదు. కాని వరినాట్లనుండి బురదకాళ్లతో వచ్చి ఆ సమావేశములో కూర్చున్న తల్లి, "మావాడికి ఈ నెలలో లెక్కలు ఎందాకా చెప్పారండీ?" అని అడిగిననాడు, ఆమె పనిచేయు చేను మనదే యైనను, మనము ఆమె ప్రక్కన నిలిచెదమా?