తవ్వకుండానే మంచు అడుగు తెలిసేదెలా?

అంటార్కిటికాలో రష్యావారి వోస్తోక్ కేంద్రం కింద మంచు మందం 3,700 మీటర్లకు పైమాటే. దాని అడుగున ఏముందో తవ్వకుండానే ఎలా తెలుస్తుంది? మంచులో వరసగా జియోఫోన్లు గుచ్చి, చిన్న పేలుడు జరుపుతారు. జియోఫోన్ లోపల అయస్కాంతం, స్ప్రింగుకు వేలాడే తీగచుట్ట ఉంటాయి. మంచు వణికితే వాటి మధ్య కదలిక విద్యుత్ సంకేతమవుతుంది. ప్రకంపన మంచులో సెకనుకు సుమారు 3,800 మీటర్లు పోతుంది. అడుగును తాకి తిరిగొచ్చేందుకు 2 సెకన్లు పడితే, మందం 3,800 మీటర్లన్నమాట.

మంచు మందాన్ని విమానంలోని రాడార్ ఇంకా త్వరగా కొలుస్తుంది కదా, ఇంత శ్రమ ఎందుకని మీరు అడగవచ్చు. మందం వరకైతే ఆ మాట నిజమే. కానీ రాడార్ తరంగాలను నీరు ఎక్కువ దూరం పోనివ్వదు. ప్రకంపన మాత్రం నీటినీ దాటి, దాని అడుగును తాకి వస్తుంది. 1960లలో వోస్తోక్ వద్ద శాస్త్రవేత్త ఆండ్రీ కాపిత్సా బృందం నమోదు చేసిన ప్రకంపనలను 1990లలో మళ్లీ పరిశీలిస్తే, రెండు ప్రతిధ్వనులు కనిపించాయి: ఒకటి మంచు అడుగుది, రెండోది ఆ మంచు కింద దాగిన సరస్సు అడుగుది. ఆ రెంటి మధ్య వ్యవధిని బట్టే అక్కడ నీరు సుమారు 500 మీటర్ల లోతుందని తేలింది. హిమానీనదం సముద్రంలోకి ఎంత వేగంగా జారుతుందో చాలావరకు దాని అడుగున ఉన్న నీరు, బురదే నిర్ణయిస్తాయి. అందుకే రేపటి సముద్రమట్టాన్ని అంచనా వేయాలంటే రాడార్ ఒక్కటే చాలదు, జియోఫోన్లూ కావాలి.