తడోబా సఫారీకి గది ఎప్పుడు బుక్ చేసుకోవాలి?

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఉన్న తడోబా-అంధారి పులుల అభయారణ్యం హైదరాబాదు నుంచి రోడ్డు మీద ఒక పగటి ప్రయాణం. పులిని చూడాలనుకునే తెలంగాణవాసుల్లో చాలామంది అటే వెళతారు. అక్కడ గది దొరకడం కన్నా సఫారీకి తిప్పే జిప్సీ జీపులో సీటు దొరకడం కష్టం. రిసార్టులు పెరుగుతూనే ఉన్నాయి గానీ, గేటుకు ఇన్ని, పూటకు ఇన్ని అని అటవీశాఖ జిప్సీల సంఖ్యకు హద్దు పెట్టింది. అందుకే ముందు సఫారీ పర్మిట్ ఆన్‌లైన్‌లో ఖాయం చేసుకుని, అదే రోజు గది బుక్ చేసుకోవడం సరైన వరుస. గది ముందు తీసుకుని పర్మిట్ దొరక్కపోతే అడవి అంచు దాకా వెళ్లి వెనక్కి రావాల్సి వస్తుంది.

గది ఎక్కడ తీసుకోవాలో కూడా పర్మిటే చెబుతుంది. కోర్ అడవికి, అంటే అభయారణ్యం నడిమి భాగానికి, మొహర్లీ, ఖుట్వండా, కొలారా, నవేగావ్, పాంగ్డీ, జరీ అని ఆరు గేట్లున్నాయి. చంద్రపూర్‌కు దగ్గరిది దక్షిణాన ఉన్న మొహర్లీ. కొలారా, నవేగావ్ ఉత్తరాన, చిమూర్ వైపు ఉంటాయి. పటంలో దగ్గరగానే కనిపిస్తాయి కానీ, బస మారడానికి అడవి మధ్య నుంచి వెళ్లనివ్వరు, చుట్టూ తిరిగి రావాలి. పొద్దుటి సఫారీ తెల్లవారుతూనే మొదలవుతుంది. అంతకు ముందే గేటు దగ్గర పర్మిట్ మీది పేరును గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. మొహర్లీ పర్మిట్ పెట్టుకుని కొలారాలో దిగినవారికి ఆ పూట దక్కడం అనుమానమే.

ఎంత ముందుగా అన్నది కాలాన్ని బట్టి ఉంటుంది. కోర్ అడవి అక్టోబరు 1న తెరుచుకుని జూన్ చివరిదాకా ఉంటుంది. దసరా, దీపావళి, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, సంక్రాంతి సెలవులకు మూడు నాలుగు నెలల ముందే గదుల కోసం చూడటం మంచిది. ఈ రోజులకు మాత్రం వరుస కొంచెం మార్చవచ్చు: పర్మిట్ల బుకింగ్ ఇంకా తెరవకపోతే, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిచ్చే గదిని ముందే పట్టి ఉంచుకోవాలి.

పులి కనబడే అవకాశం ఎక్కువగా ఉండేది ఏప్రిల్, మే నెలల్లో. చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటే రోజులవి. టేకు ఆకు రాలి అడవి పలచబడుతుంది, నీళ్లు కొద్దిచోట్లే మిగులుతాయి. పులి వెనక్కి నడుస్తూ నీటిగుంటలోకి దిగి, నడుము దాకా మునిగి గంటల తరబడి కూర్చుంటుంది. పిల్లలకు సెలవులు కూడా అప్పుడే కాబట్టి ఏసీ గదులు త్వరగా నిండిపోతాయి. ఫిబ్రవరిలోనే బుక్ చేసుకోవడం మేలు. నవంబరు, ఫిబ్రవరి నెలల్లో పండుగలు లేని వారాల్లో మూడు నాలుగు వారాల ముందు చూసినా సరిపోతుంది.

వారం మధ్య రోజుల్లో గదీ సులువుగా దొరుకుతుంది, సీటూ దొరుకుతుంది. మంగళవారం కోర్ అడవిలో సఫారీ ఉండదు, ఆ రోజును లెక్కలోంచి తీసేయాలి. రైల్లో వెళ్లేవారు బల్లార్షాలో గానీ చంద్రపూర్‌లో గానీ దిగవచ్చు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి పండుగ ప్రయాణానికి గది, పర్మిట్, టికెట్ మూడింటి తేదీలనూ ముందే కాగితం మీద రాసుకోవాలి.

చాలామంది పొరబడేది రాత్రుల లెక్కలో. 10వ తేదీ పొద్దున సఫారీ ఉంటే గది 9వ తేదీ రాత్రికి కావాలి. మధ్యాహ్నం సఫారీ చీకటిపడే వేళకు ముగుస్తుంది. ఆ తర్వాత హైదరాబాదు దాకా కారు నడపడం ప్రమాదం కనుక ఆ రాత్రికీ గది ఉండాల్సిందే.

జూలై నుంచి సెప్టెంబరు దాకా కోర్ గేట్లు మూసి ఉంటాయి. కోర్ చుట్టూ ఉండే బఫర్ అడవిలో కొన్ని గేట్ల నుంచి వాన తెరిపినిచ్చినప్పుడు సఫారీలు నడుస్తాయి. ఆ నెలల్లో గదులు చవక, ముందస్తు తొందరా అక్కర్లేదు. ఏ గేటు తెరిచి ఉందో కనుక్కుని బయలుదేరే వారంలో బుక్ చేసుకున్నా చాలు.